మనుషులకు వాడే ఇంగ్లిష్ మాటలకు అర్థం ఒక్కటే చెబితే సరిపోదు

సంపాదకులు గారికి నమస్కారం.

మీ పత్రికలో వచ్చే ఇంగ్లిష్ పాఠాలను మారతహళ్లిలో చాలామంది పిల్లలు కత్తిరించి నోట్‌బుక్కుల్లో అంటించుకుంటారు, ఫొటో తీసి పీజీ వాట్సాప్ గ్రూపుల్లో పెట్టుకుంటారు. అనంతపురం, మదనపల్లె, కర్నూలు వైపు నుంచి ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చిన అలాంటి పిల్లలకే నేను స్పోకెన్ ఇంగ్లిష్ చెబుతాను, ఆ పాఠాలు వాళ్లకు ఎంత ఉపయోగపడుతున్నాయో రోజూ చూస్తున్నాను. అందుకే ఈ ఉత్తరం. మనుషుల్ని వర్ణించే మాటల దగ్గరికి వచ్చేసరికి మీరు ఒక తెలుగు మాట రాసి, దాని ఎదురుగా నాలుగు ఇంగ్లిష్ మాటలు కామాలు పెట్టి వరసగా ఇచ్చేస్తున్నారు, ఆ నాలుగూ ఒకటే అన్నట్టు. అవి ఒకటి కావు.

సన్నగా ఉండేవాళ్లకు స్లిమ్, థిన్, స్కిన్నీ అని ఇస్తే పిల్లలు మూడింటిలో నోటికి ఏది తేలికైతే అది పట్టుకుంటారు. స్లిమ్ మెచ్చుకోలు, థిన్ ఉన్నమాట, స్కిన్నీ అంటే బక్కచిక్కి ఎముకలు తేలినట్టున్నావని ముఖం మీద అనడం. థ్రిఫ్టీ, స్టింజీ కూడా అంతే, ఒకరు పొదుపరి, ఇంకొకరు పీనాసి. ఇది తెలుగువాళ్లకు కొత్తగా నేర్పాల్సిన సంగతి కూడా కాదు. పట్టుదల, పంతం, మొండితనం, మూర్ఖత్వం అని మనకు మెట్లు మెట్లుగా మాటలున్నాయి, ఎదుటి మనిషి మనకు నచ్చితే పట్టుదల అంటాం, నచ్చకపోతే మొండితనం అంటాం. బ్రిటన్ తత్వవేత్త బెర్ట్రాండ్ రస్సెల్ 1948లో బీబీసీ రేడియోలో సరిగ్గా ఈ విషయమే చెప్పాడు: నేనైతే ఫర్మ్ (పట్టుదల గలవాణ్ని), నువ్వైతే ఆబ్‌స్టినేట్ (మొండివాడివి), అక్కడ లేనివాడైతే పిగ్‌హెడెడ్ ఫూల్ (మూర్ఖుడు). ఆ ఒక్క వాక్యంతో మొదలుపెడితే క్లాసులో పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

అంతకన్నా ఇబ్బంది పెట్టేవి మనం ఇక్కడ ఒక అర్థంలో వాడుతుంటే బయట ఇంకో అర్థంలో నడిచే మాటలు. పెళ్లి ప్రకటనల్లో 'హోమ్లీ' అంటే ఇంటిపట్టున ఉండే అణకువ గల అమ్మాయి. అమెరికాలో అదే మాట మనిషికి వాడితే అందంగా లేదని అర్థం. ఈ ఊళ్లో సగం ఉద్యోగాలు అమెరికా వాళ్లతో ఫోన్లో మాట్లాడేవి, పాపం మన అబ్బాయి క్లయింట్ భార్యను మర్యాదగా హోమ్లీ అన్నాడంటే అటువైపు ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. 'మా సార్ చాలా సింపుల్' అని మనం నిరాడంబరుడనే ఉద్దేశంతో అంటాం, ఇంగ్లిష్‌లో మనిషిని సింపుల్ అంటే బుర్ర తక్కువవాడనే అర్థం కూడా పలుకుతుంది. అమాయకుడికి ఇన్నోసెంట్ అని నేర్పుతున్నారు, దానికి నిర్దోషి అనే అర్థం కూడా ఉంది కాబట్టి వినేవాళ్లకు ఇతని మీద ఏం నేరం మోపారో అనిపించవచ్చు, పోనీ నైవ్ అందామంటే అందులో లోకం తెలియదన్న చిన్నచూపు ఉంది.

బ్యాచిలర్, స్పిన్‌స్టర్ జంట సంగతి చూడండి. రెండూ పెళ్లికానివాళ్లే. స్పిన్‌స్టర్ అంటే మొదట నూలు వడికే ఆడమనిషి, తర్వాత చట్టంలో పెళ్లికాని స్త్రీ, ఆ తర్వాత ఎవరూ చేసుకోని ముదురు కన్య అనే ఎత్తిపొడుపు. మగవాడి మాటకు ఆ గతి పట్టలేదు. ఇంగ్లండులో 2005లో పెళ్లి రిజిస్టర్ల నుంచి రెండూ తీసేసి 'సింగిల్' అని పెట్టారు. బెంగళూరు టులెట్ బోర్డుల మీద 'లేడీ బ్యాచిలర్స్' అని రాస్తారు, దాన్ని తప్పని దిద్దేవాళ్లున్నారు, నేను మాత్రం దిద్దను, ఆడపిల్లల్ని స్పిన్‌స్టర్ అనడం కంటే అదే నయం. మన సుప్రీంకోర్టు కూడా 2023 ఆగస్టులో జడ్జీల కోసం ఒక చేతిపుస్తకం విడుదల చేసి స్పిన్‌స్టర్ బదులు అన్‌మ్యారీడ్ వుమన్, హౌస్‌వైఫ్ బదులు హోమ్‌మేకర్ వాడమంది. కెరీర్ వుమన్ బదులు ఊరికే వుమన్ అంటే చాలంది, ఉద్యోగం చేసే మగవాణ్ని ఎవరూ కెరీర్ మ్యాన్ అనరు కాబట్టి నాకది చాలా న్యాయంగా అనిపించింది.

ఇక నన్ను నిజంగా బాధపెట్టే విషయం. జబ్బులకూ వైకల్యాలకూ వాడే మాటలు. మా ఊళ్లో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక వైద్యశాల ఉంది. 1925కు ముందు అది లూనటిక్ అసైలమ్, ఆ ఏడాది మైసూరు ప్రభుత్వం మెంటల్ హాస్పిటల్ అని మార్చింది, ఇప్పటి పేరు 1974లో వచ్చింది. చంద్రుడి వల్ల పిచ్చి పడుతుందన్న పాత నమ్మకంలోంచి పుట్టిన లూనటిక్ అనే మాట 1912 నాటి మన చట్టంలోనే ఉండేది, 2017 చట్టం 'పర్సన్ విత్ మెంటల్ ఇల్‌నెస్' అంటుంది. ముందు మనిషి, తర్వాత జబ్బు. మరి మనం? 'మెంటల్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం, మీ పత్రిక నేర వార్తల్లో డాక్టర్ చెప్పకముందే 'సైకో' అని హెడ్డింగ్ పెడతారు. మోరాన్ అనే మాటను 1910లో హెన్రీ గొడార్డ్ అనే అమెరికా మనస్తత్వవేత్త తెలివి పరీక్షల్లో ఒక తరగతికి పేరుగా తయారుచేశాడు, ఇడియట్, ఇంబెసైల్ కూడా అప్పట్లో ఆ లెక్కల్లోని తరగతులే. మూడూ తిట్లయిపోయాయి. ఆ తర్వాత వాడిన 'రిటార్డెడ్' కూడా తిట్టయింది, 2010లో అమెరికా, 2016లో మనం చట్టంలో 'ఇంటలెక్చువల్ డిజబిలిటీ' (మేధో వైకల్యం) అని మార్చుకున్నాం. రేపు ఇదీ పాడవుతుంది కదా, మార్చడం దేనికి అని అడిగేవాళ్లుంటారు. పాడైతే మళ్లీ మారుద్దాం, అందులో నష్టమేముంది? చెవుడు, మూగతనం ఉన్నవాళ్లను ఇంకా 'డెఫ్ అండ్ డమ్' అని రాస్తున్నారు, ఇవాళ డమ్ అంటే తెలివితక్కువ అని పదో తరగతి పిల్లకు కూడా తెలుసు. ఆ మాట పడే అమ్మాయికీ తెలుసు.

పిల్లలకు ఇంగ్లిష్ అంటేనే టెన్షన్, ఇన్ని తేడాలు చెబితే నోరే విప్పరని మీరు అనవచ్చు. నేను చూసింది వేరు. ఎదుటివాళ్ల ముఖం ఎందుకు మారిందో తెలియనప్పుడే వాళ్లు మాట్లాడటం మానేస్తారు.

కాబట్టి నా కోరిక ఇది. మనుషులకు వాడే ప్రతి మాట పక్కన అది పొగడ్తా, మామూలు మాటా, తిట్టా అని ఒక్క ముక్క రాయండి. ఇక్కడొక అర్థం, అమెరికాలో ఒక అర్థం ఉంటే అదీ చెప్పండి. ఇప్పుడు ఎవరూ వాడకూడని పాత మాటలైతే జాబితాలోంచి తీసేయండి, తెలియడం కోసం ఇవ్వాల్సి వస్తే పాతదని రాసి ఇవ్వండి. జాబితాలో పది మాటలు ఇచ్చే చోట నాలుగే ఇచ్చినా ఫర్వాలేదు. ఇంగ్లిష్ పేజీ చూసేవాళ్లకు చెప్పినదే వార్తల పేజీలు చూసేవాళ్లకూ చెప్పండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్లి, బెంగళూరు