మండల విలేకరికి అండ ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ విలేకరి ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న కనిపించకుండా పోయారు. 3న ఆయన మృతదేహం ఒక కాంట్రాక్టర్‌కు చెందిన ఆవరణలో, కాంక్రీటు వేసి మూసిన సెప్టిక్ ట్యాంకులో దొరికింది. ప్రధాన నిందితుడైన ఆ కాంట్రాక్టర్‌ను పోలీసులు హైదరాబాద్‌లో పట్టుకున్నారు. నేరం ఎవరిదో కోర్టు తేలుస్తుంది. నేను అడగదలచుకున్నది పత్రికలను.

ముకేశ్ ‘బస్తర్ జంక్షన్’ అనే యూట్యూబ్ చానల్ నడుపుతూ జాతీయ చానళ్లకు వార్తలు పంపేవారు. 2021 ఏప్రిల్‌లో 22 మంది జవాన్లు చనిపోయిన ఎదురుకాల్పుల తర్వాత మావోయిస్టులు సీఆర్పీఎఫ్ ప్రత్యేక దళం కోబ్రాకు చెందిన ఒక జవానును పట్టుకుపోయారు. మధ్యవర్తులతో పాటు అడవిలోకి వెళ్లి అతన్ని క్షేమంగా తెచ్చిన స్థానిక విలేకరుల్లో ముకేశ్ ఒకరు. రెండు వైపులా తుపాకులున్న చోట పనిచేసిన మనిషి ఆయన. చివరికి ఆయన ప్రాణం పోయింది గంగలూరు రోడ్డు పనుల్లో అవినీతి వార్త బయటికొచ్చాక. అలాంటి చోట రోడ్లకు కోట్లు వస్తాయి, వెళ్లి చూసి రాసేవాళ్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు.

మన దగ్గర యుద్ధం లేదు కదా అనుకోవద్దు. 2014లో చిలకలూరిపేటలో శంకర్, 2019లో తునిలో సత్యనారాయణ హత్యకు గురయ్యారు. ఇద్దరూ పత్రికా విలేకరులే.

మండల విలేకరికి చాలా చోట్ల జీతం ఉండదు, నియామక పత్రం ఉండదు. పైగా ప్రకటనలు తెమ్మని టార్గెట్లు. ఇసుక మీద, రోడ్డు బిల్లుల మీద ఎవరి గురించి వార్త రాయాలో, పండక్కి వాళ్ల దగ్గరికే వెళ్లి ప్రకటన అడగాలి. రేపు బెదిరింపు ఫోన్ వస్తే ఆ టెన్షన్ అతనిదీ, అతని ఇంట్లోవాళ్లదీ. ఇది చాలా అన్యాయం.

మహారాష్ట్ర 2017లోనే పాత్రికేయుల రక్షణకు చట్టం చేసింది. ఛత్తీస్‌గఢ్ అసెంబ్లీ కూడా 2023లో బిల్లు ఆమోదించింది, అయినా ముకేశ్ దక్కలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ గట్టి చట్టం రావాలి. కానీ యాజమాన్యాలు అందాకా ఆగనక్కర్లేదు. బెదిరింపు వస్తే పత్రికే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ప్రమాదమున్న వార్తకు విలేకరి పేరు కాకుండా, ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ తన పేరు పెట్టుకోవాలి. ప్రకటనల పని విలేకరుల నుంచి తీసేయాలి. మీ పత్రికలో ఎంతమంది మండల విలేకరులకు బీమా చేయించారో దయచేసి ఇదే పేజీలో ప్రచురించండి.

– ఒక పాఠకుడు, భద్రాచలం