కాగ్ నివేదికలకూ గడువు ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

బడ్జెట్ వచ్చిన రోజున ఇక్కడ బెంగళూరులోని మా తెలుగు కుటుంబాల్లో ఆదాయపు పన్ను శ్లాబుల గురించి జరిగినంత చర్చ, ఆ సొమ్మును ఖర్చు చేయడానికి పార్లమెంటు ఇచ్చే అనుమతి గురించి గానీ, ఖర్చయ్యాక అది అడగాల్సిన లెక్క గురించి గానీ జరగదు. రాజ్యాంగంలోని 114వ అధికరణ ప్రకారం ఖర్చుకు అనుమతినిచ్చే ద్రవ్య వినిమయ చట్టం లేనిదే, ప్రభుత్వ ఆదాయం జమయ్యే సంచిత నిధి నుంచి ఒక్క రూపాయి కూడా తీయడానికి వీల్లేదు.

ఈ మంజూరు ప్రక్రియకు గడువులు గట్టిగానే ఉన్నాయి. ద్రవ్య వినిమయ బిల్లు కూడా ద్రవ్య బిల్లే కనుక, దానిని రాజ్యసభ 14 రోజుల్లో తిప్పి పంపాలి. మార్చి 31 నాటికి ఖర్చు కాని నిధులు మురిగిపోతాయి. ఆ తొందరలో చర్చ నలిగిపోతున్న మాటా నిజమే. 2018, 2023 సంవత్సరాల్లో లోక్‌సభ ఏ శాఖ పద్దునూ చర్చించకుండా, గిలెటిన్‌తో (చర్చ లేకుండానే ఓటుకు పెట్టే పద్ధతితో) అన్నిటినీ ఒకేసారి ఆమోదించడం చాలా బాధాకరం.

లెక్క చెప్పే దశకు వచ్చేసరికి మాత్రం గడువన్నదే లేదు. ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) తన నివేదికలను రాష్ట్రపతికి సమర్పించాలనీ, రాష్ట్రపతి వాటిని ఉభయ సభల ముందు ఉంచేలా చూడాలనీ చెప్పిన 151వ అధికరణ, ఎన్నాళ్లలోగా అన్నది చెప్పలేదు. రాష్ట్రాల్లో గవర్నరు ద్వారా శాసనసభకు చేరే నివేదికలదీ ఇదే స్థితి కనుక, కర్ణాటక శాసనసభ కొలువుండే మన విధాన సౌధకూ ఈ మాట వర్తిస్తుంది. నివేదిక సభకు రానంతవరకు ఆ నివేదికలను పరిశీలించే సభ్యుల కమిటీ అయిన ప్రజా పద్దుల సంఘం దానిపై విచారణ చేపట్టలేదు. 1967 నుంచి ఆ సంఘం అధ్యక్ష పదవిని ప్రతిపక్షానికి ఇస్తున్న మంచి ఆనవాయితీ కూడా, బాధ్యులైన అధికారులు బదిలీ అయ్యి, గుత్తేదారులకు బిల్లుల చెల్లింపు పూర్తయ్యాక నివేదిక అందితే, పెద్దగా అక్కరకు రాదు. జవాబు సిద్ధం చేసుకోవడానికి ప్రభుత్వానికి సమయం కావాలన్న వాదన నాకు సబబుగా తోచదు. ఆడిట్ అభ్యంతరాల ముసాయిదాను శాఖలకు ముందే పంపి, వారి వివరణ తీసుకున్నాకే కాగ్ నివేదికను ఖరారు చేస్తుంది.

అందువల్ల నివేదిక అందిన 30 రోజుల్లోగా, అప్పుడు సభ జరగకపోతే తదుపరి సమావేశాల మొదటి వారంలోనే, దానిని సభ ముందు పెట్టి తీరాలన్న నిబంధన తేవాలి. బెంగళూరు ఉత్తర, మధ్య, దక్షిణ నియోజకవర్గాల ఎంపీల్లో మంత్రులు కానివారు పార్టీలకు అతీతంగా ఇందుకోసం ప్రైవేటు మెంబరు బిల్లు (మంత్రి కాని సభ్యుడు తెచ్చే బిల్లు) ప్రవేశపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, మల్లేశ్వరం, బెంగళూరు