ఫూజీ దారిలో మంచినీళ్లు

చిన్నీ,

ఎలా ఉన్నావే, బుడ్డోడికి జలుబు తగ్గిందా? మొన్న వీడియో కాల్‌లో నెట్ ఊరికే ఆగిపోతుంటే మా ఫూజీ ప్రయాణం గురించి నువ్వు అడిగినవాటికి సగం కూడా చెప్పలేదు, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని టైప్ చేస్తున్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

శనివారం మీ అన్నయ్య కారు అద్దెకి తీసుకుని ఫూజీ కొండ వైపు తీసుకెళ్లాడు. టోక్యోలోని నిషికసాయ్‌లో ఇంకా చీకటుండగానే బయల్దేరాం, వదిన పులిహోర, పెరుగన్నం కట్టింది, ఎందుకంటే ఇక్కడ ఉడోన్ అనే లావు నూడుల్స్ చారులో కూడా చేపల రసం పోస్తారట, మనలాంటోళ్లకి బయట తిండి కష్టమే. హైవే మీద టోల్ కట్టేసరికి ఎంతయిందని మీ నాన్న అడిగారు, వాడు చెప్పాడు, ఆయన దాన్ని రూపాయల్లోకి మార్చుకుని కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నారు, ఇంకేం మాట్లాడలేదు.

నా సంగతి నీకు తెలుసుగా. ప్రయాణం అంటే ముందు రోజు రాత్రి నుంచే నీళ్లు తగ్గించేస్తా. గుంటూరు నుంచి తిరుపతి బస్సులో వెళ్లినన్నాళ్లూ అంతే, ఆడవాళ్లం అందరం అంతే, దాబా దగ్గర బస్సు ఆపినా ఆ వెనక రేకుల తలుపు సంగతి గుర్తొచ్చి దిగబుద్ధి కాదు, నోరు ఎండిపోయినా ఓర్చుకుంటాం. ఇక్కడా అలవాటు కొద్దీ సీసా ముట్టుకోలేదు. అన్నయ్య అద్దంలో చూసి నవ్వి, అమ్మా తాగు, ఎక్కడంటే అక్కడ ఆపుతా అన్నాడు.

కవాగుచికో చెరువు దాటి 139 నంబర్ రోడ్డు మీద నరుసావా అనే ఊళ్లో ఆపాడు. దారిలో కారు ఆపుకుని సేదతీరే ఇలాంటి చోట్లని ఇక్కడ మిచి నో ఎకి అంటారు, ఎక్కువగా టోల్ రోడ్ల మీద కాదు, మామూలు రోడ్ల మీద ఉంటాయి. 1993లో 103తో మొదలుపెట్టారట, ఇప్పుడు దేశం మొత్తం మీద 1,200 దాటాయి. పార్కింగ్‌కి డబ్బుల్లేవు, బాత్రూములు రాత్రీ పగలూ 24 గంటలూ తెరిచే ఉంచాలి, అది రూలు. భూకంపాలు వచ్చినప్పుడు జనం తలదాచుకోడానికి కూడా వాడతారని వదిన చెప్పింది.

ఇక బాత్రూం సంగతి చెప్తా, నవ్వకు. నేల మీద తడి లేదు, వాసన లేదు, కూర్చునే చోటు వెచ్చగా ఉంది, పక్కన బటన్లు చూస్తే కంగారొచ్చింది గానీ వదిన ముందే చెప్పింది ఏది నొక్కాలో. లోపల గోడకి చిన్న కుర్చీ బిగించారు, చంటిపిల్లని అందులో కూర్చోబెట్టి బెల్ట్ పెట్టి తల్లి తన పని చూసుకోవచ్చు. నువ్వు మొన్న విజయవాడ వస్తూ బుడ్డోణ్ణి ఎవరి చేతిలో పెట్టాలో తెలీక ఆపుకుని కూర్చున్నావు కదా, అదే గుర్తొచ్చింది, ఇంత చిన్న కుర్చీ మన దగ్గర ఎవరికీ తట్టలేదేంటా అని కోపం కూడా వచ్చింది.

బయట కుళాయిల్లో ఫూజీ ఊట నీళ్లు ఊరికే పట్టుకోవచ్చు, జనం క్యాన్లు వేసుకుని వస్తున్నారు. దోసిలి పట్టి తాగా, పళ్లు జివ్వుమన్నాయి, ఇంకో రెండు దోసిళ్లు తాగా. తలెత్తితే చెట్ల మీదుగా కొండ, పైన తెల్లగా మంచు. 3,776 మీటర్లట, మీ నాన్న ఫోన్‌లో చూసి చదివారు, ఆయనకి నంబర్లు కావాలి.

లోపల కూరగాయల కొట్టుంది, మన రైతు బజారే అనుకో, కాకపోతే రైతు అక్కడ కూర్చోడు. పొద్దున్నే తెచ్చి పెట్టి, ధర తనే రాసుకుని, తన పేరున్న స్టిక్కర్ అంటించి పొలానికెళ్లిపోతాడు, డబ్బు కౌంటర్లో కట్టాలి, కొట్టువాళ్లు కమీషన్ పట్టుకుని మిగతాది రైతుకిస్తారు. చెయ్యంత పొడుగు ముల్లంగి 150 యెన్, అంటే మన 90 రూపాయలదాకా, ఆకులతో సహా ఉంది, మట్టి కడిగేశారు. సాంబారుకి ఒకటి కొన్నా, ఆకు పప్పులో వేశా, బానే ఉంది కానీ మన ముల్లంగి ఘాటు లేదు.

తర్వాత మోతోసు చెరువు, పాత వెయ్యి యెన్ నోటు వెనక కొండ బొమ్మ అక్కడి నుంచి చూసిందేనట. ఇంకా కిందకి వెళ్తే అసగిరి కోగెన్ అనే చోట ఇంకో మిచి నో ఎకి, అదంతా పాడి ఆవుల ప్రాంతం, ఆ చలిలో కూడా అందరూ పాల ఐస్‌క్రీం కోసం లైను కట్టారు. మేమూ తిన్నాం, చిక్కటి పాల రుచి, మీ నాన్న రెండోది అడిగితే షుగర్ గుర్తుచేశా. ఒక్కటే ఇబ్బంది, చెత్తబుట్ట ఎక్కడా కనపళ్లేదు, పులిహోర డబ్బాలు, కవర్లు అన్నీ సంచిలో పెట్టుకుని ఇంటిదాకా మోసుకొచ్చాం.

ఏప్రిల్‌లో మీరొస్తే రైలు టికెట్లు కొనకండి, కారులోనే తిరుగుదాం. అల్లుడుగారిని బయల్దేరేముందు ఆర్టీఏ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకోమను, మన పర్మిట్ ఇక్కడ చెల్లుతుంది, ఇక్కడా ఎడమవైపే నడుపుతారు కాబట్టి ఆయనకి ఇబ్బందుండదు. కారు సీటు బుడ్డోడి బరువుని బట్టి బుక్ చెయ్యాలట, వాడిని ఓసారి తూకం వేసి అన్నయ్యకి మెసేజ్ పెట్టు. వచ్చేటప్పుడు కందిపొడి, గోంగూర పచ్చడి మర్చిపోకు.

అమ్మ