ఫిబ్రవరి నుంచి మే దాకా మా ట్రాన్స్‌ఫార్మర్ కొన్నవాళ్ళకు

ఈ ఏడాది ఫిబ్రవరి నుంచి మే నెలాఖరు దాకా మా దగ్గర పాటలు వినే సెట్లలో వేసుకునే 30 వీఏ సామర్థ్యపు టొరాయిడ్ (గుండ్రటి రింగు ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్ కొన్నవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. మీకు మేం ఇచ్చింది రాగి తీగ చుట్టింది కాదు, అల్యూమినియం తీగ చుట్టింది. రాగి అని చెప్పి, రాగి ధర తీసుకుని ఇచ్చాం. మోసం చేసింది నాకు వైండింగ్ చేసిచ్చే మనిషి. కానీ పెట్టె మీద ఉన్నది మా షాపు పేరు కాబట్టి మీకు జవాబు చెప్పాల్సింది నేను. మొత్తం 64 పీసులు. అన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

సంగతి బయటపడింది మన పాత కస్టమర్ ఒకాయన వల్ల. రైల్వేలో చేసి రిటైరైన పెద్దాయన, ఇక్కడే బెంగళూరులో ఉంటారు. ఆయన దగ్గర పాత ఫిలిప్స్ సీడీ ప్లేయర్ ఉంది, లోపల టీడీఏ1541 చిప్, అంటే సీడీలోని అంకెలని పాటగా మార్చే డాక్ చిప్, ఉన్నది. కంపెనీ ట్రాన్స్‌ఫార్మర్ తీసేసి మనది ఇంట్లో కూర్చుని ఆయనే వేసుకున్నారు. ఏప్రిల్‌లో ఫోన్ చేశారు. "బాబూ, పగలంతా బాగుంటుంది. సాయంత్రం ఏడు దాటితే పాట వెనక సన్నగా బుర్రుమంటుంది" అన్నారు.

నేనేం చెప్పానో కూడా రాయాలి. ఎర్త్ లూప్ (ఎర్త్ వైర్లు రెండు దారుల్లో కలిసి హమ్ పట్టడం) అయ్యుంటుంది, వైర్లు దూరంగా జరపండి అన్నాను. రెండోసారి చేస్తే టంకం సరిగ్గా పడి ఉండదు, మళ్ళీ వేయండి అన్నాను. మూడోసారి టొరాయిడ్ మధ్యలో బోల్టు రెండు కొసలూ కేబినెట్‌కు తగులుతున్నాయేమో చూడమన్నాను, తగిలితే ఆ బోల్టే ఒక షార్టయిన చుట్టు అవుతుంది కాబట్టి. డెబ్బై దాటిన ఆయన భూతద్దం పెట్టుకుని రెండు ఆదివారాలు ప్రతి జాయింటూ విప్పి మళ్ళీ వేశారు. ఆఖరికి "తప్పు నాదేలే బాబూ, ఈ మధ్య చేతులు వణుకుతున్నాయి" అన్నారు. నేను అవునండీ, పెద్దవయసు కదా అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

చివరికి ట్రాన్స్‌ఫార్మర్ విప్పి నాకే పంపించారు. ప్రైమరీ (ఇంటి కరెంటు వచ్చే చుట్టు) మీద మీటర్ పెడితే రెసిస్టెన్స్ 175 ఓమ్‌లు. ఉండాల్సింది 110కి అటూ ఇటూ. మీటర్ బ్యాటరీ పోయిందేమోనని ఇంకో మీటర్ పెట్టాను, అదే వచ్చింది. తీగ మీది ఎనామెల్ పూత బ్లేడుతో గీస్తే కింద తెల్లగా మెరిసింది. అదే మందం తీగ అయినా అల్యూమినియానికి రెసిస్టెన్స్ రాగి కంటే దాదాపు 1.6 రెట్లు ఉంటుంది. లెక్క అక్షరాలా సరిపోయింది.

మరి నేను చెక్ చేసి పంపిస్తానని చెప్పుకుంటాను కదా, ఇది ఎలా దాటిపోయింది? వచ్చిన ప్రతి పీసుకీ ఇన్సులేషన్ చూస్తాను, 230 వోల్టులు ఇచ్చి సెకండరీలో (సెట్‌కి కరెంటు ఇచ్చే చుట్టులో) ఎంత వస్తుందో చూస్తాను. లోడు లేకుండా, అంటే దానికి ఏదీ తగిలించకుండా చూస్తాను. లోడు లేనప్పుడు వచ్చే వోల్టేజీ చుట్ల లెక్క మీదే ఆధారపడుతుంది. తీగ రాగిదైనా అల్యూమినియందైనా మీటర్‌లో ఒకే అంకె. తేడా లోడు పడ్డప్పుడే తెలుస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఒకే మనిషి దగ్గర తీసుకుంటూ, లోడు పెట్టి చూడటం నేను మానేశాను. బరువు కూడా ఒక్కసారి తూచి ఉంటే దొరికిపోయేది. 450 గ్రాములు ఉండాల్సింది 370 ఉంది. చేతికి తేలిగ్గా తగిలిందని మార్చిలో ఒకసారి అనుకున్నాను కూడా, అనుకుని పక్కన పెట్టేశాను.

ఆయన ఇంట్లో సాయంత్రమే ఎందుకు మోగిందో ఇప్పుడు అర్థమైంది. చిప్‌కి నిలకడగా 5 వోల్టులు ఇచ్చే రెగ్యులేటర్‌కి లోపలికి కనీసం 7 వోల్టులు అందాలి. మన 7.5 వోల్టుల వైండింగ్ నుంచి వచ్చేది, ఏసీని డీసీ చేసే డయోడ్ బ్రిడ్జి దాటాక, ఇంటి కరెంటు 230 నుంచి 205 వోల్టులకి పడిపోయినా, రిపుల్ (డీసీలో మిగిలే ఎగుడుదిగుడు) తీసేసి చూస్తే ఏడు దాటే ఉంటుంది. రాగి అయితే. అల్యూమినియం ఆ లోడులో ఇంకో అర వోల్టు తినేసింది. చుట్టుపక్కల ఇళ్ళల్లో అన్నీ ఆన్ అయ్యే వేళకి రెగ్యులేటర్ చేతులెత్తేసింది, 100 హెర్ట్జ్ రిపుల్ నేరుగా చిప్ సప్లైలోకి పోయింది. ఆయన టంకం అద్దంలా ఉంది. నేను కళ్ళారా చూశాను.

వైండింగ్ చేసిన మనిషి పేరు రాయను. బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియా వైపు చిన్న షెడ్డు, మన అనంతపురం వైపు మనిషే. మొదట్లో నా దగ్గర అడ్వాన్స్‌కి డబ్బు లేనప్పుడు నమ్మి సరుకిచ్చినవాడు. అందుకే తలుచుకుంటే కడుపు మండుతుంది. తీగ ముక్క తీసుకెళ్ళి ఆయన టేబుల్ మీద పెట్టాను. కాదనలేదు. "రాగి రేటు చూస్తున్నావా అన్నా? రేటు పెంచుతానంటే నువ్వు ఒప్పుకుంటావా? పాటలు వినేవాళ్ళకి ఏ తీగో చెవికి తెలుస్తుందా?" అన్నాడు. రేటు పెంచమని అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. అడగలేదు. పైగా వెనక్కి వచ్చిన సరుకు సగం రేటుకి తీసుకుంటానన్నాడు. అది ఎస్పీ రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఇంకో డబ్బాలో, ఇంకో పేరుతో అమ్ముడుపోతుందని నాకు తెలుసు. ఒక్క పీసు కూడా ఆయనకి ఇవ్వను. అన్నీ కోసి, కోర్ వేరు, తీగ వేరు చేసి పాత సామాన్ల వాడికి వేస్తాను.

అందరికీ చెప్పాలా, అడిగినవాళ్ళకి మాత్రం మార్చాలా అని మూడు రోజులు తేల్చుకోలేకపోయాను. లెక్కలు చూసే మా బావమరిది రెండోదే అన్నాడు. "64లో ఫిర్యాదు చేసింది ఒక్కడు బావా, మిగతావాళ్ళు హాయిగా వింటున్నారు, కదిలిస్తే నాలుగు నెలల లాభం పోతుంది" అన్నాడు. అబద్ధం కాదు. 12 వోల్టులో 15 వోల్టులో తీసుకున్నవాళ్ళకి వోల్టేజీ మిగులు ఎక్కువ, వాళ్ళకి ఏ శబ్దమూ రాదు. ఇంకో బాధ కూడా ఉంది. మీలో చాలామంది స్వయంగా వేసుకున్నారు, కష్టపడి టంకం వేసి మూత బిగించుకున్నారు. మళ్ళీ విప్పండి అని ఏ మొహంతో చెప్పను?

మూడో రాత్రి ఇంకో రెండు పీసులు టేపు విప్పి చూశాక తేల్చుకున్నాను. అల్యూమినియం తీగని బయటికొచ్చే రాగి వైరుకి కలిపిన చోట క్రింప్ (నొక్కి బిగించే గొట్టం) లేదు, మామూలు టంకం ముద్ద. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే పడుతుంది, దాని మీద మామూలు టంకం సరిగ్గా పట్టదు. ఆ జాయింటు వేడెక్కి చల్లారి, వేడెక్కి చల్లారి వదులవుతుంది, వదులైతే ఇంకా వేడెక్కుతుంది. ఒక దాంట్లో టేపు అప్పటికే గోధుమరంగుకి తిరిగింది. డాక్‌ని రాత్రంతా ఆన్‌లోనే ఉంచేవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఇక లాభం లెక్క నాకు అక్కర్లేకపోయింది.

మీరు చేయాల్సింది ఇది. ప్లగ్ సాకెట్ నుంచి పూర్తిగా తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. ఏ నెలలో కొన్నారో సరిగ్గా గుర్తులేకపోతే, కాసేపు ఆగి, ప్లగ్‌లో ఎర్త్ పిన్ కాకుండా మిగతా రెండు పిన్నుల మధ్య, సెట్ పవర్ స్విచ్ ఆన్ పొజిషన్‌లో ఉంచి మీటర్ పెట్టండి. 110 ఓమ్‌ల దగ్గర ఉంటే మీది రాగి. 170 దాటితే మాది తప్పు. మీటర్ లేకపోయినా, ఏమాత్రం అనుమానం ఉన్నా వాడకండి, పంపించేయండి. రానూపోనూ కొరియర్ నాది. డబ్బు కావాలంటే మొత్తం డబ్బు, పీసు కావాలంటే కొత్త పీసు. విప్పడం కష్టమనుకునేవాళ్ళు సెట్టే పట్టుకొచ్చేయండి, ఆదివారాలు మధ్యాహ్నం దాకా బెంచీ మీ కోసమే ఖాళీగా ఉంచుతున్నాను.

కొత్తవి ఇక బయట చుట్టించను. చిన్న వైండింగ్ మెషీన్ కొన్నాను, తీగ నేనే కొంటున్నాను, ప్రతి రీలు కొస గీసి చూసే వాడుతున్నాను. ప్రైమరీకీ సెకండరీకీ మధ్య కరెంటులోని గోల అడ్డుకునే రాగి రేకు స్క్రీన్ కూడా నా చేత్తోనే వేస్తున్నాను. దాని రెండు అంచులూ ఒకదానికొకటి తగలకూడదు, తగిలితే అదే షార్టు. ప్రతి పీసు మీద ప్రైమరీ ఓమ్‌లు, పూర్తి లోడులో వోల్టేజీ రెండూ పెన్నుతో రాసి ఉంటాయి. మీరు ఇంట్లో కొలిచి సరిచూసుకోవచ్చు. రోజుకి నాలుగైదు కంటే అవ్వవు. మార్పిడి పీసులు అందరికీ అందాకే కొత్త ఆర్డర్లు, అప్పటిదాకా అడ్వాన్స్ పంపకండి. ధర 1,450 నుంచి 1,750 అవుతుంది, తగ్గించలేను. ఎస్‌ఎంపీఎస్ మాడ్యూల్ (ఫోన్ ఛార్జర్ లాంటి రెడీమేడ్ పవర్ సప్లై) అమ్ముకో, సులువు అని సలహా ఇస్తున్నవాళ్ళున్నారు. నేను ట్రాన్స్‌ఫార్మర్లే చేస్తాను.

మొదటి కొత్త పీసు ఆ పెద్దాయనది. కొరియర్‌లో పంపడం లేదు. ఈ శనివారం మధ్యాహ్నం నేనే వాళ్ళింటికి తీసుకెళ్ళి వేస్తాను, సాయంత్రం ఏడు దాటేదాకా అక్కడే కూర్చుంటాను.