సాంఘికశాస్త్రం పీరియడు గ్రామసభ దాకా రావాలి

సంపాదకులకు,

మన హైస్కూలు పిల్లలు గ్రామసభ అంటే ఏమిటో పరీక్షలో తప్పు లేకుండా రాస్తారు. మీ ఊళ్లో చివరి సభ ఎప్పుడైందంటే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో రెండు నెలలకోసారి సభ పెట్టాలి. ప్రాజెక్టు పని పేరుతో చార్టు మీద నాయకుల బొమ్మలు అతికించేకన్నా ఒక్క సభను పట్టుకుని పాఠం చెప్పవచ్చు.

వారం ముందే పిల్లలు ఒకే సమస్య ఎంచుకోవాలి. ‘మోరీలు బాగు చేయించాలి’ అంటే సభలో అందరూ తలూపుతారు, తీర్మానంలో ఎక్కదు. ‘ఆరో వార్డులో బడి గేటు నుంచి చెరువు బాట దాకా 40 మీటర్ల మోరీ పూడింది’ అని టేపుతో కొలిచి రాస్తే కార్యదర్శికి తప్పించుకోవడం కష్టం. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు సభలో సభ్యులు కారు కాబట్టి ఓటరు జాబితాలో ఉన్న అమ్మతోనో తాతతోనో అడిగించాలి. పిల్లలు వెనక కూర్చుని ఎవరేం అడిగారో, మినిట్స్ పుస్తకంలో ఏం ఎక్కిందో రాసుకోవాలి. ఈ రెండూ ఎక్కడ కలవవో అక్కడే అసలు పాఠం.

తీర్మానమైనా పని కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు. గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు. పిల్లలు సాధారణంగా ‘మోరీ ఎందుకు తీయలేదు?’ అని రాస్తారు. ఈ చట్టం కింద దొరికేది రికార్డులో ఉన్నదే గానీ సంజాయిషీ కాదు. గతంలో చేసిన పని ఎంబీ (పని కొలతలు రాసే పుస్తకం) నకలు, బిల్లు నకలు అడగాలి. ఎంబీలోని పొడవును టేపు కొలతతో పోల్చే రోజు లెక్కల సారును కూడా పిలవండి.

బడిలోకి రాజకీయాలొస్తాయని హెడ్‌మాస్టర్లు జంకుతారు. ఆ జంకు ఉత్తది కాదు. పార్టీ పేరూ కండువా రావొద్దు, ప్రశ్న పని మీదే ఉండాలి, మనిషి మీద కాదు. దరఖాస్తు బడి లెటర్‌హెడ్ మీద పంపొద్దు. హక్కు పౌరుడిది, సంస్థది కాదు. సంతకం పెద్దవాళ్లదైతే మేలు, చిన్న ఊళ్లో పిల్లల పేరు బయటపడటం మంచిది కాదు.

సభ తేదీ ముందురోజు చాటింపులో తెలిస్తే ఇదంతా కుదరదు. వారం ముందు బడికి చీటీ అందేలా వరంగల్, హనుమకొండ జిల్లాల విద్యా, పంచాయతీ అధికారులు కలిసి ఆదేశమివ్వాలి.

– కొందరు సాంఘికశాస్త్ర ఉపాధ్యాయులు, హనుమకొండ