బకెట్ అందుకున్న చేతులకు, కొలతలు చెప్పిన అక్కలకు దండాలు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోని పసిపిల్లల తల్లులం కలిసి రాస్తున్నం. ఈ ఎండాకాలం మా ఇండ్లకు సాయానికి వచ్చిన ఆశ అక్కలకు, అంగన్‌వాడీ టీచర్లకు, పక్కింటి పెద్దమ్మలకు, కొత్తవాడ నేతపని అవ్వలకు పేరుపేరునా దండాలు. ఇల్లు చూసి మీరు మొహం చిట్లించలేదు, "ఇట్లుంటదా బాలింత ఇల్లు" అని ఒక్కమాట అనలేదు. కొంగు దోపుకొని పని అందుకున్నరు. చేతులు పనిచేస్తుంటే నోరు కారణాలు చెప్పింది. అవి ఇంకో తల్లికి అక్కరకొస్తయని ఇక్కడ పెడుతున్నం.

పొత్తిగుడ్డలకు ముందే వేడినీళ్లు వద్దు. మలంల, కక్కిన పాలల్ల ఉండే మాంసకృత్తులు వేడికి గట్టిపడి నూలును పట్టుకుంటయి, ఆ మరక ఇక వదలదు. గట్టిది లెట్రిన్‌ల దులిపి, గుడ్డను చల్లనీళ్లల్ల అరగంట నానేసి, అప్పుడు సబ్బు పెట్టాలె. మూడుసార్లన్న జాడించాలె, సబ్బు మిగిలితే తొడలు కందుతయి. మెత్తదనానికని పోసే వాసన లిక్విడ్ అసలే వద్దు. అది నూలు మీద పొరలెక్క పేరుకుంటే గుడ్డ ఉచ్చను పీల్చదు. తల్లిపాలు తాగే బిడ్డ పసుపుపచ్చ మరకకు మందు ఎండే. గుడ్డ తడిగ ఉన్నప్పుడే పరిస్తే, పైత్యరసం రంగు వెలుతురుకు విరిగిపోతది. మన మే నెల ఎండను ఎంత తిట్టుకున్నా ఈ ఒక్క పనికి దానికి మొక్కాలె.

కానీ అదే ఎండ షత్రంజి, అంటే నేలమీద పరిచే నూలు జంపఖానా, రంగును గూడ తింటది. వరంగల్ షత్రంజీలకు 2018ల జీఐ, అంటే ఈ ఊరి ప్రత్యేక సరుకన్న గుర్తింపు వచ్చిందని పిల్లగాడికేం ఎరుక, దాని మీదనే పోస్తడు. కొత్తవాడ అవ్వలు చెప్పిన పద్ధతి ఇది: పొడి గుడ్డతో అద్దాలె, రుద్దద్దు. చల్లనీళ్లల్ల విడిగ జాడించాలె, నానబెట్టద్దు, పిండద్దు. మంచం మీద పరిచి నీడకు ఆరబెట్టాలె. పత్తి పరుపు మీద అయితే నీళ్లు గుమ్మరించద్దు. లోపలి పత్తి ఉండకట్టి బూజు పడుతది. తడి అద్ది, తినే సోడా చల్లి, నాలుగైదు గంటలు ఉంచి దులిపి, రెండు దిక్కులా ఎండబెట్టాలె. అసలైతే బొంత కింద రబ్బరు షీటు వేస్తే ఇదంత ఉండదు.

ఆశ అక్కలకు పెద్ద దండం మాత్రం మోషన్లయినప్పుడు తాపే ఉప్పు-చక్కెర పొడి, ఓఆర్‌ఎస్ కొలతకు. లీటరు ప్యాకెట్‌ను మొత్తం ఒక్కసారే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లల్ల కలపాలె. సగం పొడి గ్లాసుల వేసుడు చాన ఇండ్లల్ల జరిగే తప్పు. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకు ప్రమాదం, ఎక్కువైతే పనిచేయదు. చక్కెర, జ్యూసు కలపద్దు. 24 గంటలు దాటితే పారబోయాలె. రెండేండ్ల లోపు పిల్లలకు మోషన్ అయినప్పుడల్లా 50 నుంచి 100 మి.లీ., చెంచతోనే. కక్కితే పది నిమిషాలు ఆగి, ఇంకా మెల్లగ మొదలుపెట్టాలె. మోషన్లకు ఇచ్చే జింక్ మందు రెండు నుంచి ఆరు నెలల బిడ్డకు రోజుకు 10 మి.గ్రా., ఆరు నెలలు దాటితే 20. మోషన్లు ఆగినా 14 రోజులు వేయాలె. తల్లిపాలు ఆపద్దు. కండ్లు లోపలికి పోయినా, ఉచ్చ ఆగినా, మలంల నెత్తురు పడినా, బిడ్డ తాగలేక సొమ్మసిల్లినా ఇంట్ల ఉంచద్దు, 108.

అట్టపెట్టెల్ల అమ్మే తియ్యటి నీళ్లు ఓఆర్‌ఎస్ కాదు. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏండ్లకేండ్లు కొట్లాడినంక, 2025 అక్టోబర్‌ల తిండి సరుకుల మీద నిఘా పెట్టే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పేరు వాటి మీద వేయద్దన్నది. ఆమెకు గూడ ఇక్కడి నుంచే దండం.

పిండిన పాలు మామూలు గది వేడిల నాలుగు గంటలు ఉంటయంటరు. ఆ లెక్క 25 డిగ్రీలకు, మన ఎండకు కాదు. వెంటనే ఫ్రిజ్‌ల లోపలి దిక్కు పెడితే నాలుగు రోజులు ఆగుతయి, తలుపు అరల పెట్టద్దు. కరెంటు పోతే తలుపు తెరవకుంటే నాలుగు గంటల దాకా చల్లదనం నిలుస్తది.

అంగన్‌వాడీల ఇచ్చే పిల్లల పిండి బాలామృతం పలచగ కలిపితే కడుపు నిండుతది కానీ బలం అందదు. చెంచ వంచితే జారిపోనంత చిక్కగ ఉండాలె. అందుల చక్కెర ముందే ఉంటది, మళ్లీ వేయద్దు.

ఇంకో సంగతి మీరు మెల్లగ, తలుపు దగ్గరేసి చెప్పిన్రు. కాన్పైన మొదటి రెండు వారాలు ఊరికే ఏడుపొచ్చుడు మామూలే. అది దాటినా తగ్గకుంటే డాక్టర్‌కు చూపియ్యాలె. మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ లైన్ టెలీ మానస్ 14416కు ఏ రాత్రైనా తెలుగుల మాట్లాడచ్చు, పైసలు పడవు. "నీకు పాలు చాలయా?" అని కాదు, "నువ్వు తిన్నవా?" అని ముందుగ అడిగిన పెద్దమ్మలను మరువం.

మీరు పప్పుచారు పంపిన స్టీలు గిన్నెలు మా దగ్గరే ఉన్నయి, అడుగున చెక్కిన పేర్లు చూసి వేరు చేస్తున్నం. ఉత్త గిన్నె తిరిగియ్యద్దు కద, ఆదివారం సర్వపిండి పెట్టి పంపుతం. పేరు లేని మూత ఒకటి మిగిలింది, ఎవరిదో చెప్పుండ్రి.