‘ఇక్కడి పిల్లలు ఇంతే’ అన్న మాట బడిలో వినపడకూడదు

సంపాదకుల వారికి,

నమస్కారం. 2024లో పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మన కర్నూలు జిల్లా 62.47 శాతంతో రాష్ట్రంలో చివరన నిలిచింది. మొదట నిలిచింది 96.37 శాతంతో పార్వతీపురం మన్యం. ఆదోని మార్కెట్ యార్డులో నేను గుమాస్తాగా చేసే దుకాణంలో పేపరు చేతులు మారుతుంటే ఒక పెద్దాయన "కరువు సీమ మనది, మన పిల్లోళ్లకు ఇంతేలేప్పా" అన్నాడు. అక్కడున్న వాళ్లంతా తలూపారు. నేనూ ఊపాను. ఆ ఊపినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను, అందుకే ఈ ఉత్తరం.

పార్వతీపురం మన్యం కొండలూ గిరిజన గూడేలూ ఉన్న జిల్లా. పేదరికం అక్కడా ఉంది. 2025లోనూ ఆ జిల్లాయే మొదట నిలిచింది. కరువు ఉన్నందుకే మన పిల్లలు వెనకబడ్డారని ఇక ఎలా సరిపెట్టుకోవాలి?

2024 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో నన్ను మా ఊరి బడి తల్లిదండ్రుల కమిటీలోకి తీసుకున్నారు. మొదటి ఏడాదంతా మేం మాట్లాడింది మరుగుదొడ్ల తలుపుల గురించి, కోడిగుడ్ల సైజు గురించి, బ్యాగుల జిప్పుల గురించి. అవి చిన్న విషయాలని నేను అనను. కానీ ఏ పిల్లకు చదవడం వచ్చింది, ఏ పిల్లాడికి రాలేదు అని ఒక్కసారి కూడా ఎవరం అడగలేదు. బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేసే బాధ్యతను విద్యాహక్కు చట్టం ఈ తల్లిదండ్రుల కమిటీకే ఇచ్చింది. కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని కూడా ఆ చట్టమే చెప్పింది. మేం మాత్రం రిజిస్టర్లో చూపించిన చోట సంతకం పెట్టి, టీ తాగి వచ్చేవాళ్లం.

నా కళ్లు తెరిపించింది మా చిన్నమ్మాయి. అప్పుడు ఐదో తరగతి. ఒక ఆదివారం మూడో తరగతి తెలుగు పుస్తకం ఇచ్చి చదవమంటే గడగడా చదివింది. సంబరపడ్డాను. ఎందుకో అనుమానం వచ్చి పేజీ మధ్యలో ఒక పదం మీద వేలు పెట్టి "ఇదేందమ్మా?" అన్నాను. పాప కళ్లు పేజీ పైకి పోయాయి. మొదటి వాక్యం నుంచి పెదాలు కదుపుకుంటూ వచ్చి, నా వేలి దగ్గర ఆగి, అప్పుడు ఆ పదం చెప్పింది. పాఠమంతా నోటికి వచ్చు, అక్షరాలు రావు. ప్రోగ్రెస్ కార్డులో మాత్రం మంచి గ్రేడే ఉంది. ఐదేళ్లు బడికి పోయిన పిల్ల ఇంత తెలివిగా దాచుకోవడం నేర్చుకుందంటే, ఆ తెలివిని చదువు మీద పెట్టమని మనం ఎవ్వరం ఆమెను అడగలేదనే కదా?

దీనికి విరుగుడు నేను మా బంధువుల ఊళ్లో చూశాను. అక్కడ రెండో తరగతి చెప్పే మేడం బీరువా తలుపు లోపలివైపు పాత క్యాలెండర్ షీటు తిప్పి అంటించారు. ఒక్కో పిల్లాడి పేరు, పక్కన ఒక గడి. గడిలో పెన్సిల్‌తో అక్షరం, పదం, వాక్యం, కథ, వీటిలో ఏదో ఒకటి. ప్రతి శనివారం ఒక్కొక్కరినీ పిలిచి చదివించి, ముందుకు పోయినవాళ్ల గడి చెరిపి కొత్తది రాస్తారు. చెరిపి చెరిపి కొన్ని గడుల దగ్గర కాగితం పలచబడింది. రెండు గడులు మాత్రం నున్నగా అట్లాగే ఉన్నాయి. ఆ ఇద్దరి ఇళ్లల్లో కన్నడమే మాట్లాడతారట. రెండు భాషలూ వచ్చిన పిల్లను వాళ్ల మధ్యన కూర్చోబెట్టారు. "వీళ్లవి గూడా చెరపాల గదన్నా" అన్నారు మేడం. ఆ బడికి కూడా మా బడికి వచ్చినన్ని నిధులే వస్తాయి.

పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు వంద రోజుల ప్రణాళిక పెడతారు, పొద్దున్నా సాయంత్రం స్పెషల్ క్లాసులు తీసుకుంటారు. మంచిదే. కానీ కూడబలుక్కుని చదివే పిల్లాడికి పదో తరగతిలో వంద రోజులు ఏం సరిపోతాయి? ఆ శ్రద్ధ రెండో తరగతిలో, మూడో తరగతిలో పెడితే పదిలో ఇంత టెన్షన్ పడాల్సిన పని ఉండదు. ముప్పై అయిదు మార్కులు వస్తే చాలని మొదలుపెడితే పిల్లలు ముప్పై దగ్గరే ఆగిపోతారు.

సుగ్గి, అంటే కోతల కోసం వలస పోయే సంగతి దాచను. మా కౌతాళం, కోసిగి వైపు నుంచి మిరపకాయలు కోయడానికి గుంటూరు పోయే కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని పోతాయి. తిరిగొచ్చేసరికి ఏడాది చదువు పోయినట్టే. అందుకే సీజనల్ హాస్టళ్లు పెట్టారు. అవి జనం బండ్లెక్కిన తర్వాత కాదు, ఎక్కకముందే తెరవాలి. తల్లిదండ్రులుగా మనమూ ఒకటి ఒప్పుకోవాలి. కోతకు పిల్లాడి చెయ్యి కూడా తోడవుతుందని లెక్కేసుకుంటున్నాం. పూట గడవనివాళ్లను నేను తప్పుపట్టను, కానీ నాలా నెల జీతం వచ్చేవాళ్లు కూడా పత్తి తీతల రోజుల్లో పిల్లల్ని బడి మాన్పిస్తున్నారు.

ఇంకో మాట. మెగా డీఎస్సీలో ఎంపికై 2025లో చాలామంది కొత్త టీచర్లు ఉద్యోగాల్లో చేరారు. మా పక్క ఊరి బడికి వచ్చిన అమ్మాయికి చేరిన రోజే ఎవరో "ఇక్కడి పిల్లలు ఇంతే మేడం, మీరు ఎక్కువ కష్టపడొద్దు" అని చెప్పారట. చెప్పినవాళ్లు చెడ్డవాళ్లు కాదు. ఏళ్లతరబడి అలసిపోయినవాళ్లు. అయినా ఆ మాట కొత్త టీచరు చెవిన పడకుండా చూడాల్సింది ప్రధానోపాధ్యాయులు, ఎంఈవోలు, కమిటీల్లో ఉన్న మేము.

జిల్లా విద్యాశాఖ అధికారులకు నా విన్నపం ఇదీ. ప్రతి కమిటీ సమావేశంలో మొదటి అంశం చదువే కావాలి. తరగతివారీగా ఎంతమంది చదవగలుగుతున్నారు, పోయిన నెల కంటే ఎంతమంది పెరిగారు అన్నది రిజిస్టర్లో రాయాలి, సంతకాలు ఆ తర్వాతే. తక్కువున్నందుకు టీచర్లకు మెమోలు ఇవ్వొద్దు. ఇస్తే దొంగ లెక్కలు రాస్తారు, నష్టపోయేది మళ్లీ పిల్లలే. మా బడిలో వచ్చే సమావేశానికి నేను ఒక పెన్సిల్, రబ్బరు, పాత క్యాలెండర్ షీటు తీసుకుపోతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థిని తండ్రి,
కౌతాళం మండలం, కర్నూలు జిల్లా